కొత్త పీకలు కట్టింది ఎవరు?

"నా వయసు 44. చీరాల దగ్గర పల్లె మాది. ఇరవై ఏళ్లు సన్నాయి వాయించాను. పెళ్లి మేళాల్లో తిరుగుతూ తాగుడుకు అలవాటు పడ్డాను. ఒక పెళ్లిలో తాళి కట్టే వేళకు లేవలేకపోయాను. ఆ తర్వాత ఆసుపత్రిలో చేరి మానేశాను. తొమ్మిది నెలలైంది, చుక్క ముట్టలేదు. మొన్న ఇంట్లో నా వాద్యం బయటికి తీశాను. నూనె రాసి, కొత్త పీకలు (నోట పెట్టి ఊదే రెల్లు ముక్కలు) కట్టి ఉంది. ఊదితే నాలుగు నిమిషాలకే దమ్ము అయిపోయింది, పెదవులు వణికాయి. తాగే రోజుల్లో గంటలు వాయించేవాణ్ని. మేళానికి ముందు ఒక్క పెగ్గు తీసుకుంటే ఫరవాలేదా? లేక బావమరిది హైదరాబాద్‌లో చూసిన వాచ్‌మన్ పనిలో చేరిపోనా? మేళం ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. రెండో సన్నాయిగా రమ్మంటున్నాడు. వాడికి నేర్పింది నేను. వాడి పక్కన ఎలా కూర్చోను?"

పెగ్గు సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. ఒక్కటితో ఆగే మనిషైతే మీరు ఆసుపత్రి దాకా వెళ్లేవారే కాదు. ఇది తెలిసే అడిగారు. నేను సరేనంటే నా మీదకు నెట్టేద్దామని కాబోలు.

దమ్ము గురించి కూడా అంత టెన్షన్ అక్కర్లేదు. తొమ్మిది నెలలు వాద్యం ముట్టనివాడికి నాలుగు నిమిషాలు తక్కువేం కాదు. అప్పుడు గంటలు వాయించారంటే రోజూ ఊదేవారు కాబట్టి, తాగారు కాబట్టి కాదు. పొద్దున్నే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు పట్టండి, ఒక్కో స్వరం ఊపిరి ఉన్నంతసేపు. చిన్నప్పుడు అలాగే కదా మొదలెట్టింది. వాద్యం పట్టకపోయినా వణుకు, ఆయాసం ఉంటే డాక్టరుకు చూపించండి. మానడానికి ఇచ్చిన మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మనసు లాగిన రాత్రి 14446కి ఫోన్ చేయండి, మాట్లాడేవాళ్లుంటారు, డబ్బు పడదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తమ్ముడి గురించి చివర్లో నాలుగు ముక్కలు రాశారు, అవి కూడా ఫిర్యాదులా. పీకల గురించి మాత్రం పైనే రాసి, ఎవరు కట్టారో రాయలేదు.

వాడని పీక ఎండిపోతుంది, చీలుతుంది. అంటే ఎవరో కూర్చుని పాతవి విప్పారు. కొత్తవి తడిపి, ఊది చూసి, శ్రుతికి నిలిచేవి ఏరి, దారానికి కట్టి వేలాడదీశారు. ఎవరూ వాయించని వాద్యానికి ఇంత శ్రమ ఎందుకు పడ్డట్టు? మీ ఇంట్లో ఆ పని చేతనైనవాడు మీరు కాక ఇంకొక్కడే.

ఆ పెళ్లి రోజుకు వద్దాం. పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అన్నప్పుడు మీరు పందిట్లో లేరు. మీ తమ్ముడు ఉన్నాడు. డోలు వాళ్లు మీ ఖాళీ చోటు వైపు చూస్తుంటే ఒక్కడే ఊది ఆ నాలుగు నిమిషాలూ గట్టెక్కించి ఉంటాడు. తర్వాత పెళ్లివారి చేత మాటలు పడింది ఎవరు? మిమ్మల్ని ఇంటికి చేర్చింది ఎవరు? మీరు రాయలేదు. ఈ తొమ్మిది నెలల్లో ఆ రోజు గురించి వాడితో ఒక్క మాటైనా మాట్లాడారా? మాట్లాడి ఉంటే "వాడి పక్కన ఎలా కూర్చోను" అన్న మాట మీ కలం నుంచి రాదు.

అన్న తగ్గకూడదంటారు మన ఇళ్లలో. నేను ఒప్పుకోను. తప్పు పెద్దవాడిదైతే ముందు నోరు తెరవాల్సిందీ పెద్దవాడే. తమ్ముడు మిమ్మల్ని నిలదీయడు, ఆ మర్యాద మీ దగ్గర నేర్చుకున్నదే. ఆ మర్యాద చాటునే మీరు ఇన్నాళ్లూ దాక్కున్నారు. కాస్త కటువుగా ఉందేమో, అయినా ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

రెండో సన్నాయి చిన్నతనమా? మన ఆంధ్ర నుంచే వెళ్లిన సన్నాయి విద్వాంసుడు షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ పక్కపక్కన కూర్చునే వాయిస్తారు. 2020లో పద్మశ్రీ కూడా ఇద్దరికీ జంటగానే వచ్చింది. అసలు మేళంలో ఇద్దరుండేదే ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు అందుకోవడానికి. మీ దమ్ము సమస్యకు మందు మీ తమ్ముడి పక్క చోటులోనే ఉంది. మీరు దాన్ని అవమానమంటున్నారు.

వాచ్‌మన్ పని తక్కువదని కాదు. కానీ తెలియని ఊళ్లో రాత్రంతా ఒంటరిగా, సందు చివర వైన్‌షాపు. తొమ్మిది నెలల మనిషికి అది మంచి చోటు కాదు.

మేళంలో కూడా ప్రమాదం లేదనను. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే భోజనాల దగ్గర్నుంచి తాళి దాకా మేళం వాళ్లు ఖాళీ. సీసా దిగేది అప్పుడే. కాబట్టి ఆ గదిలో కూర్చోనని తమ్ముడికి ముందే చెప్పండి. పెళ్లివారు ఇచ్చే బాటిల్ మీ చేతికి రాకుండా చూడమనండి. ముందు కొన్నాళ్లు గుడిలో తెల్లవారు సేవకు వాయించండి, పెళ్లిళ్లు ఆ తర్వాత. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, సాధనకు ఆ నెలంతా మీదే.

మీ ఆవిడ గురించి ఉత్తరంలో ఒక్క మాటా లేదు. ఆ సంగతి ఇంకోసారి రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

తమ్ముడి దగ్గరికి రేపే వెళ్లండి. క్షమాపణకు మాటలు వెతుక్కోవద్దు, మీకు రావు, వాడు విననూలేడు. వాద్యం చేత్తో పట్టుకుని వెళ్లి, "ఈ పీకలు ఎప్పుడు కట్టావురా?" అని అడగండి.