నాన్నకు పక్షవాతం, అమ్మకు అరికాళ్ల మంటలు... ఇద్దరికీ ఒకే మాత్రలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 62 ఏళ్లు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి. అమ్మకు 12 ఏళ్లుగా షుగర్. ఏడాదిగా రెండు పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. ఇద్దరిదీ నరాల బలహీనతేనని, బలం మాత్రలు వాడితే చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదమ్మా. ‘నరాల బలహీనత’ అనే ఒక్క మాట కింద మనం ఎన్నో జబ్బులను కలిపేస్తాం. దెబ్బ ఎక్కడ తగిలిందో చూసే వైద్యం చేయాలి.

మీ నాన్నగారి కాలు, చేతి నరాలు బాగానే ఉన్నాయి. వాటిని నడిపించే మెదడు దెబ్బతింది, అదీ కుడివైపు. మెదడు నుంచి దిగే నరాల పోగులు మెడ మొదలయ్యే చోట చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. అందుకే ఎడమ పక్క పడిపోయింది. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. కానీ మనం తీసుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. రక్తం అందకపోతే నిమిషాల్లోనే కణాలు చనిపోతాయి. అవి తిరిగి రావు గానీ, మిగిలిన భాగాలు ఆ పనిని కొంత నేర్చుకుంటాయి. ఫిజియోథెరపీ చేయించేది అందుకే. మొదటి ఆరు నెలల్లో ఎక్కువ మెరుగు కనిపిస్తుంది కాబట్టి ఒక్క రోజు కూడా మానొద్దు. బీపీ మందులు అసలు ఆపొద్దు.

అమ్మగారి విషయం వేరు. నడుము నుంచి కాలివేళ్ల దాకా వెళ్లే నరాల పోగులు దాదాపు మీటరు పొడవుంటాయి. షుగర్ ముందుగా దెబ్బతీసేది ఆ పొడవాటి పోగుల కొసలనే. అందుకే వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. మంటలకు మందులున్నాయి. నాకు ఎక్కువ భయం వేసేది మంట పోయి పాదం మొద్దుబారినప్పుడు. మేకు దిగినా తెలియదు, పుండు పడేదాకా ఎవరూ చూడరు. రోజూ రాత్రి ఆమె పాదాలు, వేళ్ల సందులు మీరే చూడండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి. వేడినీళ్ల కాపడం వద్దు. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గవచ్చు, ఆ పరీక్ష చేయించండి. తక్కువుందని తేలితే బి12 ఉన్న బలం మాత్రలు ఆమెకు నిజంగా అవసరమే. పక్షవాతాన్ని మాత్రం అవి తగ్గించవు.

మెదడుకూ, కాళ్లూ చేతుల నరాలకూ నడుమ వెన్నుపాము ఉంది. చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. మెదడు మాటను కిందికి, ఒంటి కబురును పైకి చేరవేసేది అదే. వేడి పెనం తగిలితే మెదడుకు నొప్పి తెలిసేలోపే చెయ్యి వెనక్కి లాగేదీ అదే. అక్కడ దెబ్బ తగిలితే ఆ చోటు కింద రెండు వైపులా పట్టు తప్పవచ్చు. అమ్మగారికి రెండు కాళ్లూ కొద్ది రోజుల్లోనే బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా షుగర్ వల్లే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాన్నగారికి మళ్లీ మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడుకు రక్తం అందకుండా అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.