ఉలిక్కిపడనివ్వని టైమర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ధ్యానం కోసం ఆర్డ్యునో యూనో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు)తో టైమర్ కట్టుకున్నాను. సమయం అయ్యాక పీజో బజర్ మోగుతుంది. రెసిస్టర్ పెట్టి శబ్దం బాగా తగ్గించినా గుండె ఝల్లుమంటోంది. ఎందుకు?

జవాబు: శబ్దం ఎంత పెద్దదన్నది ఇక్కడ రెండో సంగతి. ఎంత హఠాత్తుగా మొదలైందన్నదే అసలు సంగతి. నిశ్శబ్దంలోంచి కొన్ని మిల్లీసెకన్లలో పూర్తి స్థాయికి లేచే ధ్వని చిన్నదైనా ఒళ్లు ఉలిక్కిపడుతుంది. పైగా పీజో బిళ్లలు సాధారణంగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా పలుకుతాయి. మన చెవి బాగా చురుగ్గా ఉండేదీ అక్కడే. కాబట్టి రెసిస్టర్‌తో కుస్తీ మాని, బజర్‌నే తీసేయండి.

40–50 మి.మీ. స్పీకర్‌ను మూసిన చిన్న పెట్టెలో బిగించి, 400–500 హెర్ట్జ్ సైన్ తరంగం పంపండి. ఇంకా మంద్రంగా ఉంటే బాగుండుననిపిస్తుంది గానీ, అంత చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్‌ను సరిగా పలకలేదు, గరగరమంటుంది. ధ్వని సున్నా నుంచి పైకి రావడానికి 2 సెకన్లు, తగ్గిపోవడానికి 6–8 సెకన్లు ఇవ్వండి. రికార్డు చేసిన గంట మోత వాడేవారికీ ఈ చిక్కు తప్పదు: దెబ్బ పడిన క్షణంలోనే గంట అన్నిటికన్నా గట్టిగా మోగుతుంది. ఆ మొదటి ముక్కను కత్తిరించేసి, తర్వాతి మోతను మాత్రమే మెల్లగా లేపండి.

యూనోలో పీడబ్ల్యూఎం (పిన్‌ను వేగంగా ఆన్-ఆఫ్ చేసి సగటు వోల్టేజీని మార్చే పద్ధతి) మామూలుగా 490 లేదా 980 హెర్ట్జ్‌లో నడుస్తుంది. అది స్పీకర్‌లో నేరుగా వినిపిస్తుంది. 9వ పిన్ వాడి, చిప్ లోపలి టైమర్ 1 అనే లెక్కింపు భాగపు ప్రీస్కేలర్‌ను (గడియారపు వేగాన్ని భాగించే అంకె) 1కి మారిస్తే 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, చెవికి అందదు. ఆ పిన్ తర్వాత 1 కిలోఓమ్ రెసిస్టర్, 47 నానోఫారడ్ కెపాసిటర్‌తో ఫిల్టర్, ఆపైన 10 కిలోఓమ్ వాల్యూమ్ పాట్ (తిప్పి నిరోధం మార్చే నాబ్), అక్కడినుంచి ఆంప్లిఫైయర్.

ఇంత చేసినా ఆంప్లిఫైయర్ ఆన్ అయ్యేటప్పుడు ‘టప్’మంటే శ్రమంతా వృథా. షట్‌డౌన్ పిన్ ఉన్న ఆంప్లిఫైయరే తీసుకోండి. ముందు పీడబ్ల్యూఎంను సరిగ్గా సగం దగ్గర నిలిపి, ఇన్‌పుట్ కెపాసిటర్ చార్జ్ కావడానికి అర సెకను ఆగి, ఆ తర్వాతే ఆంప్లిఫైయర్‌ను లేపండి. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫైయర్, తర్వాత పీడబ్ల్యూఎం.

ప్రశ్న: శబ్దమే వద్దని నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు పెట్టాను. సీఆర్2032 బటన్ సెల్‌తో నడిపితే మోటారు తిరగబోగానే టైమర్ మళ్లీ మొదటికొస్తోంది. బల్ల మీద పెడితే బజర్‌కన్నా ఎక్కువ మోత!

జవాబు: సెల్‌కు అంత శక్తి లేదు. 10 మి.మీ. మోటారు తిరుగుతున్నప్పుడు 60–80 మిల్లీఆంప్‌లు, కదలబోయే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. సీఆర్2032 కొన్ని మిల్లీఆంప్‌లకే సరిపోయే సెల్. దాని లోపలి నిరోధం వల్ల వోల్టేజీ ఒక్కసారిగా కూలి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామును నడిపే చిప్) రీసెట్ అవుతుంది. రెండు ట్రిపుల్-ఏ సెల్‌లకు మారండి. మోటారును పిన్‌కు నేరుగా కలపకుండా ఏఓ3400 లాంటి లాజిక్-లెవల్ మాస్‌ఫెట్‌తో (పిన్ ఇచ్చే కొద్ది వోల్టేజీకే పనిచేసే ఎలక్ట్రానిక్ స్విచ్) నడపండి. పిన్ కలిసే దాని గేటు కాలుకు 100 ఓమ్‌లు, గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌లు పెట్టాలి. ఈ రెండోది మరిస్తే స్విచ్ వేసిన ప్రతిసారీ మోటారు ఓసారి గుర్రుమనొచ్చు. మోటారుకు అడ్డంగా 1ఎన్5819 డయోడ్ (గీత ఉన్న కొస ప్లస్ వైపు), 100 నానోఫారడ్ కెపాసిటర్. మైక్రోకంట్రోలర్ పక్కన 100 మైక్రోఫారడ్.

ఇక మోత. చెక్కబల్ల వీణ కుండలాగా పనిచేసి ప్రకంపనను పెంచుతుంది. మోటారును పెట్టె గోడకు కదలకుండా అతికించండి, వదులుగా ఉంటే అదే గిలగిల్లాడుతుంది. మెత్తదనం ఉండాల్సింది పెట్టె అడుగున: 3–5 మి.మీ. సిలికాన్ లేదా ఫెల్ట్. అసలు బల్ల మీద కాక తొడ కింద గానీ, మణికట్టుకు గానీ ఉంచుకుంటేనే ఈ పద్ధతికి అర్థం.

మెల్లగా మొదలుపెట్టాలని పీడబ్ల్యూఎంను సున్నా నుంచి పెంచితే ఫలితం తారుమారవుతుంది. రాపిడి వల్ల మోటారు కొంతసేపు కదలక, తర్వాత ఒక్కసారిగా తిరుగుతుంది. 20–30 మిల్లీసెకన్లు పూర్తి కరెంటు ఇచ్చి వెంటనే సగానికి దించండి. 400 మిల్లీసెకన్ల చొప్పున మూడుసార్లు, మధ్య సెకనుకు పైగా విరామం ఇస్తే చాలు.

ప్రశ్న: కౌన్సెలింగ్ గదిలో 50 నిమిషాల సెషన్. నేను గడియారం చూస్తే ఎదుటి వ్యక్తి మాట ఆగిపోతోంది. ఏం చేయొచ్చు?

జవాబు: సమయం మీకు మాత్రమే కనబడాలి, అదీ తల తిప్పకుండా. అంకెలు వద్దు. ఒక్క అంబర్ రంగు ఎల్‌ఈడీ తీసుకోండి. ఎరుపు వద్దు, ఎవరి కంట పడినా ప్రమాద సూచనలా అనిపిస్తుంది. దాన్ని 5 మి.మీ. లోవ్యాసం ఉన్న నల్లని గొట్టంలో 20 మి.మీ. లోతున దించండి. వెలుగు అటూ ఇటూ సుమారు 14 డిగ్రీలే పారుతుంది. 2 మీటర్ల దూరంలో అది చెరో అర మీటరు. ఎదుటి వ్యక్తి వెనక షెల్ఫ్ మీద, మీ కంటి ఎత్తున, మీ వైపు తిప్పి పెట్టండి. ఆ తర్వాత వారి కుర్చీలో కూర్చుని చూడండి: మీ వెనక ఫొటో అద్దంలోనో, మీ కళ్లజోడులోనో ప్రతిబింబం కనబడుతుంటే షెల్ఫ్ చోటు మార్చాల్సిందే.

మిణుకుమిణుకు అసలు వద్దు, కంటి అంచు కదలికను ఇట్టే పసిగడుతుంది. 40వ నిమిషంలో మసకగా వెలిగి, 45కి కొంచెం పెరిగి, 50కి పూర్తిగా వెలగాలి. ప్రతి మార్పూ 30 సెకన్ల మీద జరగాలి. 8-బిట్ పీడబ్ల్యూఎంలో (0 నుంచి 255 దాకా మెట్లు) 1 నుంచి 2కి వెళ్తే వెలుగు రెట్టింపు, ఆ మెట్టు కనబడిపోతుంది. యూనోలో టైమర్ 1ను 12-బిట్‌కు (4096 మెట్లు) మార్చి, వెలుగును సమాన అంకెలతో కాక సమాన నిష్పత్తితో పెంచండి.

ప్రశ్న: ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్‌తో కట్టిన టైమర్ 50 నిమిషాలకు బదులు 47కే ఆగుతోంది. ప్రోగ్రాములో తప్పా?

జవాబు: ప్రోగ్రామును అనుమానించే ముందు ఆసిలేటర్‌ను (చిప్‌ను నడిపించే గడియారం) చూడండి. ఆ చిప్ లోపలిది ఫ్యాక్టరీ నుంచి 10 శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 50 నిమిషాలకు 5 నిమిషాలు. చిప్‌లోనే ఉండే వాచ్‌డాగ్ టైమర్‌తో లెక్కించినా ఇదే తంతు. 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ లేదా డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టండి.

ప్రశ్న: ఏమీ మోగనప్పుడు కూడా పెట్టెలోంచి సన్నని కూత వస్తోంది. స్పీకర్ తీసేసినా ఉంది.

జవాబు: బ్యాటరీ వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ పెట్టారేమో చూడండి. లోడు తక్కువైతే అది ఆగి ఆగి స్పందిస్తుంది, ఆ స్పందనలు వినబడే పరిధిలోకి దిగుతాయి. కాయిల్, సెరామిక్ కెపాసిటర్లు, వాటితో పాటు బోర్డు కంపిస్తాయి. జిగురు పోసి అణచాలని చూడకండి. కన్వర్టర్‌నే తీసేసి, 3 వోల్టులకు నడిచే చిప్‌ను సెల్‌లకు నేరుగా కలపండి.