తదామి లైన్ ఎక్కే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు

నానీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఎర్రబడ్డ కొండలు, కింద ఆకుపచ్చ నది, మధ్యలో ఇనుప వంతెన, దాని మీద అగ్గిపెట్టెల్లాంటి రెండు బోగీల రైలు. "మావయ్యా, కారు అద్దెకి తీసుకుని వెళ్లి, ఈ వంతెన ఫోటో తీసుకుని, రాత్రికి టోక్యో వచ్చేస్తాం, ప్లాన్ ఎలా ఉంది?" అని అడిగావు. ఏమీ బాగాలేదు. కోపం తెచ్చుకోకు, సర్వీసంతా పట్టాల మీద గడిపినవాణ్ణి, రైలుని చూడ్డానికి కారులో వెళ్తామంటే నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆ వంతెన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసేది ఇదేలే. కార్లలో దిగుతారు, కెమెరాలు పెడతారు, రైలు వెళ్లగానే వీళ్లూ వెళ్లిపోతారు. రైల్లో ఎక్కే మనుషులు లేకపోతే రేపు ఆ ఫోటోలో వంతెన ఒక్కటే మిగులుతుంది.

మీ పెద్దక్క దగ్గరికి జపాన్ వచ్చినప్పుడల్లా నేను ఆ తదామి లైన్ మీద తిరిగాను. 2019లో ఒకసారి, 2023 నవంబర్‌లో ఇంకోసారి. అందుకే ఈ పెద్దరికం.

ముందు అదేం లైనో తెలుసుకో. ఫుకుషిమాలోని ఐజు వకమత్సు నుంచి నీగాతాలోని కొయిదే దాకా 135.2 కిలోమీటర్లు, 36 స్టేషన్లు. సింగిల్ లైన్, డీజిల్ బండ్లు. 1926లో ఐజు వకమత్సు వైపు మొదటి ముక్క వేశారు, తర్వాత ఒక్కో ఊరూ కలుపుకుంటూ నదిని పట్టుకుని పైకి వెళ్లారు. నీకు నచ్చిన ఆ మొదటి వంతెన 1941 నాటిది. అలాంటివి తదామి నది మీద 8 ఉన్నాయి. ఏ వైపు కిటికీ పట్టుకోవాలి అని అడిగావు కదా, ఏ వైపైనా ఒకటే, నది కాసేపు నీవైపు, కాసేపు కోడలి వైపు. పోట్లాడుకోకండి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఐజు కవగుచి నుంచి తదామి దాకా ఉన్న 27.6 కిలోమీటర్ల ముక్క. అది మొదట్లో మనుషుల కోసం వేసింది కాదు. యుద్ధం తర్వాత జపాన్‌కి కరెంటు కావాలి, తదామి పైన తగోకురా డ్యామ్ కట్టాలి, సిమెంటూ ఇనుమూ మోయాలి, అందుకని విద్యుత్ సంస్థ వాళ్లే 1957లో పట్టాలు వేసుకున్నారు. డ్యామ్ పనైపోయాక 1963లో దాన్ని ప్రయాణికుల లైన్‌గా మార్చారు. ఇది వినగానే నాకు మన కేకే లైన్ గుర్తొచ్చింది. నేను పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల తనిఖీ ఇన్‌స్పెక్టర్‌గా, గ్యాంగ్‌మన్లతో చలిలో నడిచిన కొత్తవలస–కిరండూల్ లైన్ కూడా బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికే కదా వేసింది. అరకు వెళ్లే జనానికి ఆ సంగతి గుర్తుండదు. కేకే లైన్ జపాన్ వాళ్ల ఉక్కు కోసం, తదామి లైన్ ముక్క వాళ్ల కరెంటు కోసం, రెండూ సరుకు కోసం పుట్టిన దారులే, తర్వాత జనానివి అయ్యాయి.

చివరి ముక్క తదామి నుంచి ఒషిరకవ, 1971 ఆగస్టులో కలిసింది. మధ్యలో 6,359 మీటర్ల సొరంగం ఉంది, పేరు రొకుజూరిగోయే, అంటే 'అరవై రి' కనుమ. రి అంటే మన లెక్కలో సుమారు నాలుగు కిలోమీటర్లు. నిజానికి ఆ కనుమ దారి ఆరు రి మాత్రమేనట, ఎక్కేసరికి అరవై నడిచినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారంటారు. దాని పక్కనే వెళ్లే 252వ నంబరు జాతీయ రహదారిని చలికాలమంతా మంచు వల్ల మూసేస్తారు. ఈ రోడ్డు వల్లే లైను బతికింది! 1980లలో నష్టాల లైన్లు ఎత్తేస్తున్నప్పుడు, చలికాలంలో వేరే దారి లేదు కాబట్టి దీన్ని ఎత్తేయకుండా ఉంచారు. మంచు ఎక్కువైతే రైలు కూడా ఆగిపోతుంది, అది వేరే సంగతి. అందుకే జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్లాలనుకుంటే తిరుగు ప్రయాణం టికెట్లు ముందే కొనేసుకుని కూర్చోకు.

2011 జులై చివర్లో, మార్చి భూకంపం జరిగి ఐదు నెలలైనా కాలేదు, కుండపోత వాన. ఆ కవగుచి–తదామి ముక్కలోనే వంతెనలు కొట్టుకుపోయాయి. 2019లో నేను వెళ్లినప్పుడు అక్కడ రైలు లేదు, కవగుచిలో దిగి బస్సెక్కాలి. బస్సు కిటికీలోంచి చూస్తే పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి. పట్టా మీద తుప్పు రంగు చూసి ఆ లైన్‌లో రైలు తిరిగి ఎన్నాళ్లయిందో చెప్పగలను నేను, అది చూసి ఆ పూట నాకు అన్నం సయించలేదు. బాగు చేయడానికి సుమారు 900 కోట్ల యెన్లు. ఎక్కేది పట్టుమని పదిమంది, బస్సు చాలదా అన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్క తప్పని నేను అనను. చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే, ఆ ముక్కలో పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ఫుకుషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది) సొంతం చేసుకుంటుంది, వాటి నిర్వహణ ఖర్చు ఐజు ప్రాంతపు ఊళ్లతో కలిసి భరిస్తుంది, రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ బండి మాత్రం నడుపుతుంది. 2022 అక్టోబర్ 1న, పదకొండేళ్ల తర్వాత, మళ్లీ రైలు నడిచింది. నువ్వు కొనే టికెట్‌కి అక్కడ అందుకే విలువ.

ఇక పనికొచ్చే మాటలు. ఆ మధ్య ముక్కలో రోజుకి అటు మూడు, ఇటు మూడు రైళ్లే. మీ నిషి కసాయిలో మెట్రో తప్పితే ఇంకోటి వస్తుందన్న ధీమా అక్కడ పనికిరాదు. నేను ఎక్కింది పొద్దున్న 6 దాటాక వకమత్సులో బయల్దేరేది, మీరూ అదే ఎక్కండి. మధ్యాహ్నం బండి ఎక్కితే నవంబర్‌లో చివరి సగం చీకటి, సాయంత్రం బండైతే కిటికీలో నీ మొహమే కనిపిస్తుంది. కొయిదే దాకా నాలుగు గంటలకు పైనే పడుతుంది. మార్చిలో టైమ్ టేబుల్ మారుస్తుంటారు, బయల్దేరే ముందు కొత్తది చూసుకో. ముందు రోజు టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో కొరియామా, అక్కడ బండి మారి వకమత్సు, రాత్రి అక్కడే పడుకోండి. శని ఆదివారాలు వద్దు, ఆకులు రంగు మారే రోజుల్లో ఆ రెండు బోగీలూ మన పండగ రోజుల పాసింజర్ బండిలా కిక్కిరిసిపోతాయి.

టోక్యోలో గేటు దగ్గర కొట్టే సుయికా కార్డు కొట్టి ఎక్కేయకు. వకమత్సులోనే కొయిదే దాకా కాగితం టికెట్ కొనుక్కో, చిల్లర నోట్లు జేబులో ఉంచుకో. ఆ దారిలో చాలా స్టేషన్లలో మనిషే ఉండడు. నువ్వు అక్కడ ఉద్యోగస్తుడివి కాబట్టి విదేశీ టూరిస్టులకి ఇచ్చే జేఆర్ రైలు పాస్ నీకు ఇవ్వరు, మా చెల్లీ బావగారూ టూరిస్ట్ వీసా మీద వచ్చినప్పుడు వాళ్లకి పనికొస్తుంది.

దారిలో దిగాలనిపిస్తుంది, జాగ్రత్త. 2019లో నేను మియాషితలో దిగాను. అక్కడ మూడు ఆర్చి వంతెనలు ఒకదాని పైన ఒకటి కనిపిస్తాయి, రెండు రోడ్డువి, ఒకటి రైలుది, ముగ్గురు అన్నదమ్ములంటారు వాటిని. చూసుకుని తీరిగ్గా స్టేషన్‌కి వచ్చి గోడ మీద టైమ్ టేబుల్ చూస్తే, తర్వాతి బండికి మూడు గంటలకు పైనే ఉంది. తప్పు నాదే, రైల్వే వాడినన్న గర్వంతో ముందుగా చూడలేదు. చలికి చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. నీ ఫోటో కూడా ఆ దగ్గర్లోదే. మిషిమా ఊరి రోడ్డు పక్క విశ్రాంతి కేంద్రం నుంచి కొండ మెట్లు ఎక్కితే కనిపిస్తుంది. కావాల్సిందే అంటే దానికి ఇంకో రోజు పెట్టుకో, ఆ రోజు కూడా రైల్లోనే వెళ్లు.

ముందు రోజు వకమత్సుకి త్వరగా చేరితే అదే లైన్‌లో యనైజు దాకా వెళ్లి రండి. నది మీద కొండరాయి అంచున ఎన్‌జోజీ గుడి ఉంది. గుడి తిరిగి కట్టేటప్పుడు దుంగలు లాగిన ఎర్ర ఆవు కథ అక్కడే వింటారు, కోడలు టేబుల్ మీద పెట్టుకున్న తల ఊపే ఎర్ర బొమ్మ ఆ ఆవే. గుడి వీధిలో అవా మంజు తినండి. అవా అంటే మన కొర్రలు. జిగురు బియ్యం, కొర్రలు కలిపిన ముద్దలో తీపి చిక్కుడు పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, నూనెలో వేయని పూర్ణంబూరె అనుకో. 1818లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, మళ్లీ అలాంటి ఆపద ఎదురవకూడదని మొక్కుకుని దేవుడికి పెట్టారట, జపాను మాటలో 'ఎదురుపడని' అనే 'అవనై'కీ ఈ 'అవా'కీ శ్లేష కూడా ఉంది. మాంసం చేపల గొడవ లేకుండా ధైర్యంగా తినగలిగేది ఆ దారిలో అదొక్కటే దొరికింది నాకు. రైల్లో అమ్మేవాళ్లు ఉండరు, కోడలితో పులిహోర కట్టించకు, నువ్వే కలుపు.

కవగుచిలో బండి కాసేపు ఆగితే కిందకి దిగు. ప్లాట్‌ఫామ్ పక్కనే నది, అలల్లేని చెరువులా, మన చెరువు గట్టు మీద నిలబడ్డట్టే ఉంటుంది. అక్కడి నుంచి వంతెనలు గమనించు, పాత గర్డర్ల రంగు వేరు, కొత్త ఉక్కు రంగు వేరు. పొలాల్లోంచి, ఇళ్ల గుమ్మాల్లోంచి జనం చేతులు ఊపుతారు. సిగ్గుపడకుండా నువ్వూ ఊపు.

కొయిదేలో దిగి జోఎత్సు లైన్‌లో రెండో స్టేషన్ ఉరాసా, అక్కడ షింకన్‌సెన్ దొరుకుతుంది, చీకటి పడక ముందే ఇంట్లో ఉంటారు. దిగేటప్పుడు టికెట్ తీసేసుకుంటారు. గుర్తుగా ఉంచుకుంటామని అడిగితే రద్దు ముద్ర వేసి చేతికిస్తారు. మంజు నాకేం తేవద్దు, గట్టిపడిపోతుంది. ఆ టికెట్ ముక్క మాత్రం ఒకటి పంపు.

మీ మావయ్య