స్మార్ట్ మీటరు పెట్టాక బిల్లు రెట్టింపు దాటింది... కట్టకుండా ఆపవచ్చా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. కింద మేముంటాం, పై వాటా అద్దెకిచ్చాం. ఎవరి మీటరు వాళ్లదే. మూడు నెలల క్రితం మా పాత మీటరు తీసి స్మార్ట్ మీటరు బిగించారు. అంతకుముందు నెలకు 190 యూనిట్లు వచ్చేవి, ఇప్పుడు 310 వచ్చాయి. బిల్లు రెట్టింపు దాటింది. కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామంటున్నారు. కట్టడం ఆపేసి కోర్టుకు వెళ్లమని మా బావగారి సలహా. పాత మీటరే మళ్లీ పెట్టమని అడిగే హక్కు మాకుందా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. బిల్లు కట్టడం మాత్రం ఆపకండి. మీ చేతిలో ఉన్న బలమైన హక్కును అలా పోగొట్టుకోవద్దు.

విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 56 ప్రకారం, బకాయి ఉంటే రాతపూర్వకంగా 15 పూర్తి రోజుల గడువుతో నోటీసు ఇచ్చాకే కరెంటు తీయాలి. లైన్‌మ్యాన్ నోటిమాట నోటీసు కాదు. అదే సెక్షన్‌లో చాలామంది చూడని వెసులుబాటు ఒకటుంది. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత 6 నెలల సగటు బిల్లు లెక్కన వచ్చే మొత్తం గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది ‘అభ్యంతరంతో’ కట్టవచ్చు. అలా కట్టినవారికి వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. మీ ప్రాంతపు విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి అర్జీ ఇచ్చి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని అందులో స్పష్టంగా రాయండి.

ఇక పాత మీటరు సంగతి. ఫలానా రకం మీటరే కావాలని పట్టుబట్టే హక్కు చట్టంలో లేదు. సెక్షన్ 55 చెప్పేది ‘సరైన మీటరు’ గురించి. కాబట్టి ‘పాతది పెట్టండి’ అని కాదు, ‘ఇది సరిగ్గా తిరుగుతోందో లేదో తేల్చండి’ అని అడగాలి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వచ్చాయి. వాటికి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ మీలాంటి వారికోసమే. రీడింగ్ వాడకానికి సరిపోవడం లేదని ఫిర్యాదు చేస్తే, అందిన 5 రోజుల్లో పక్కన మరో మీటరు బిగించి, కనీసం 3 నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. మనవాళ్లు చెక్ మీటరు అనేది దీన్నే. అర్జీలో ఈ సవరణ పేరెత్తి అడగండి.

అర్జీ పెట్టేలోపు ఇంట్లో మీరే కొంత తేల్చుకోవచ్చు. మీటరు మార్చాక వచ్చిన మొదటి బిల్లు తీసి, పాత మీటరు చివరి రీడింగ్, కొత్తదాని మొదటి రీడింగ్ సరిగ్గా ఎక్కాయేమో చూడండి. ఈ నెల యూనిట్లను కిందటి నెలతో కాదు, కిందటేడు ఇదే నెలతో పోల్చండి. తర్వాత మెయిన్ స్విచ్ కట్టేసి మీటరు మీది ఎర్రలైటు చూడండి. అప్పుడూ మిణుకుతుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరిదో తీగ కలిసినట్టు అనుమానించాలి. మెయిన్ వేసి, ఇంట్లోని ప్లగ్గులన్నీ తీసి, లైట్లు, ఫ్యాన్లు ఆపేసినా మిణుకుతుంటే వైరింగ్‌లో లీకేజీ ఉండవచ్చు.

రెండు వాటాల ఇల్లు అన్నారు కాబట్టి నాకు ఇంకో అనుమానం. కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) రెండింటినీ కొలిచి, తేడా వస్తే ఎక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. పాత చక్రం మీటరు అలా చూసేది కాదు. పై వాటా న్యూట్రల్ మీ న్యూట్రల్‌తో కలిసి ఉంటే వాళ్ల వాడకంలో కొంత మీ బిల్లులోకి వస్తుంది. మంచి ఎలక్ట్రీషియన్ గంటలో పట్టేస్తాడు. ఇది మీ ఇంటి వైరింగ్ లోపమే అయితే దాన్ని విద్యుత్ సంస్థ మీద పెట్టలేం. అందుకే ఫిర్యాదుకు ముందే చూడమంటున్నాను.

యూనిట్లు 190 నుంచి 310కి పెరిగితే బిల్లు రెట్టింపు ఎందుకు దాటిందో చెబుతాను. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబుల్లో, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లలో, 126 నుంచి 225 దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 225 దాటాక 8.75. 125 లోపు యూనిట్ల తక్కువ ధర కూడా కలిపి, ఈ లెక్కన 190 యూనిట్లకు కరెంటు చార్జీ 807 రూపాయలు, 310కి సుమారు 1,761. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, సుంకం ఇవి కాక. అంటే మీ చివరి 85 యూనిట్లే చాలా ఖరీదైనవి. తగ్గించాల్సింది వాటినే. 75 వాట్ల పాత ఫ్యాను బదులు తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెడితే, రోజుకు 15 గంటల వాడకంలో నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్లు, అంటే దాదాపు 525 రూపాయలు. 2,000 వాట్ల గీజరు రోజూ అరగంట తగ్గిస్తే మరో 30 యూనిట్లు. ఏసీ 24 డిగ్రీల దగ్గర ఉంచండి. స్మార్ట్ మీటరును రోజుకు కనీసం ఒకసారి దూరం నుంచే చదివి, ఆ వివరాలు మీకు అందుబాటులో ఉంచాలని అవే నిబంధనలకు 2023లో చేసిన సవరణ చెబుతోంది. ఏ రోజు ఎంత కాలిందో చూసుకుంటే ఏ వస్తువు తింటోందో తెలిసిపోతుంది.

గీజరు, ఏసీ, బోరు మోటారు ఒకేసారి వేయవద్దు. మంజూరైన లోడు (మీ కనెక్షన్‌కు ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన పరిమితి) దాటితే స్మార్ట్ మీటరు నమోదు చేస్తుంది. అయితే మీటరు పెట్టకముందు కాలానికి ఆ రీడింగ్ చూపి జరిమానా వేయకూడదు. ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటితేనే లోడు పెంచాలి. వెనకటి కాలానికి నోటీసు వస్తే కట్టేముందు ఎవరికైనా చూపించండి.

ఎవరైనా మీటరు ‘నెమ్మదిగా తిరిగేలా’ చేస్తామంటే గుమ్మంలోకి రానివ్వకండి. మీటరును తారుమారు చేయడం సెక్షన్ 135 కింద నేరం. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పైగా మీ నిజమైన ఫిర్యాదు కూడా అక్కడితో పోతుంది.

ఏఈ ఆఫీసులో పని కాకపోతే సెక్షన్ 42 కింద ఉన్న వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగకపోతే ఆ వేదిక తీర్పుపై అప్పీలు వినే అధికారి అయిన విద్యుత్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లండి. లాయరు లేకుండా మీరే మాట్లాడవచ్చు. కోర్టు ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టమని బావగారికి చెప్పండి. గత ఏడాది బిల్లులు, మీటరు మార్చిన రోజు ఇచ్చిన స్లిప్పు, రీడింగ్ ఫోటోలు ఒక ఫైలులో పెట్టి, రేపే అర్జీ ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ 5 రోజుల గడువు ఆ ముద్ర తేదీ నుంచే లెక్కకు వస్తుంది.