పోర్టికోలో వానకోయిల గూడు కడితే తీసేయాలా?

నల్గొండలో కొత్తిల్లు కట్టుకున్నామని, పోర్టికో స్లాబుకి ఏవో పిట్టలు మట్టి గూడు కడుతున్నాయని, పెద్దవాళ్లు అశుభమేమోనని భయపడుతున్నారని అడిగారు. దయచేసి తీసేయకండి. గూటికి సీసా మెడలా సన్నటి దారి ఉందన్నారు కాబట్టి అవి వానకోయిలలే, అందులోనూ నడుము మీద ఇటుక రంగు పట్టీ ఉండే రకం. వీపు నల్లగా నీలం మెరుపుతో ఉంటుంది, తోక రెండుగా చీలి ఉంటుంది.

మాది దేవరకొండ వైపు పల్లె. మా వరండాలో తొలి వానలు పడ్డాకే ఇవి పని మొదలుపెడతాయి, ఎందుకంటే వాటికి తడి మట్టి కావాలి. నాట్లకు దున్నిన మడి గట్టున దిగి, ముక్కుతో చిన్న బురద ముద్ద తీసుకొచ్చి అంచుకు నొక్కుతాయి. ఆడా మగా రెండూ మోస్తాయి. కాసేపు కట్టి, ఆరేదాకా ఆగుతాయి. తడి ముద్ద నల్లగా, ఆరింది తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎంతవరకు కట్టాయో కింద నిలబడి చూసినా తెలుస్తుంది. లోపల మెత్తగా ఉండటానికి మా కోళ్ల ఈకలే ఏరుకుపోతాయి.

ఒక దసరాకి రంగులేసే అతను గూడు గీకేస్తానంటే మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "పిట్ట నమ్మి వచ్చిన ఇల్లురా ఇది" అంది. ఆ గూడు చుట్టూ జానెడు మేర ఇప్పటికీ పాత సున్నమే ఉంది. పిచ్చుకల కోసం వరి కంకులు కూడా ఆవిడే వేలాడదీసేది. వానకోయిలలు గింజలు ముట్టవు, ఎగిరే పురుగులనే పట్టి తింటాయి. దోమలు, ఈగలు పెరిగే కాలంలో అంతకంటే ఏం కావాలి?

అశుభమని మా వైపు ఎవరూ అనగా నేను వినలేదు. అవి కిందికి దిగి ఎగిరితే వాన దగ్గర్లో ఉందంటారు. జపాన్‌లో దుకాణం చూరుకి ఇవి గూడు కడితే వ్యాపారం కలిసొస్తుందని నమ్ముతారు. యూరప్ దేశం ఎస్టోనియాకు జాతీయ పక్షి కూడా వానకోయిలే, కాకపోతే నడుము మీద పట్టీ లేని రకం. యూరప్‌లో ఒకప్పుడు ఇవి చలికాలమంతా చెరువు అడుగున నిద్రపోతాయనుకునేవారు. 1555లో ఓలాస్ మాగ్నస్ అనే స్వీడన్ మతగురువు ఆ మాటే పుస్తకంలో రాశాడు. 1911లో ఇంగ్లాండులో గుర్తు కోసం కాలికి రింగు తొడిగిన పిట్ట 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో దొరికాక గానీ అవి ఎంత దూరం పోతాయో రుజువు కాలేదు. చలికాలంలో మన పొలాల మీద కరెంటు తీగలకు బారులు తీరి కూర్చునేవి ఎక్కువగా ఆ పట్టీ లేని రకమే, హిమాలయాల నుంచీ, వాటి అవతలి నుంచీ వస్తాయి.

పాత గుడి మండపాల్లో ఈకలు, గడ్డి ఉమ్మితో అతికించి గుంపుగా గూళ్లు పెట్టేవి వేరే జాతి, అవి తీగల మీద కూర్చోలేవు.

ఇక మీ అసలు ఇబ్బంది, రెట్ట. గూటి కింద అట్టముక్కో పాత సిమెంటు సంచో పరచండి, బండిని కాస్త జరపండి. గుడ్లు పెట్టాక పిల్లలు ఎగరడానికి దాదాపు 5-6 వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా గూడు అలాగే ఉంచండి, మళ్లీ వచ్చి ఊడిన చోట మట్టి పూసుకుని అందులోనే పెడతాయి. ఈలోపు పిచ్చుకలు దూరితే దూరనివ్వండి, వాటికీ ఇప్పుడు చోటు దొరకడం లేదు.