బైపాస్ మీద పోతే మీ ఇల్లు రాదు

ప్రశ్న: నా వయసు 51. మా వారు పోయి పద్నాలుగు నెలలైంది. ఒంటరిగా ఉండొద్దని మా ఆడపడుచు ఒక ధ్యాన బృందంలో చేర్పించింది. వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. అందరూ మంచివాళ్లే, నవ్వుతూ పలకరిస్తారు. కానీ ఆయన మాటెత్తి కళ్లనీళ్లు పెట్టుకుంటే చాలు, ‘ఇంకా బంధం వదల్లేదా?’, ‘నువ్వేడిస్తే ఆ ఆత్మకు శాంతి ఉండదు’ అంటారు. ఇంటికొచ్చి పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తున్నాను. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంటాడు. బృందంలో చెబితే ‘ధ్యానం చేసేవాళ్లకు కౌన్సెలరెందుకు?’ అన్నారు. ధ్యానం మానేయనా, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లనా?
– పేరు వద్దు, భీమవరం

జవాబు: పంపు సంగతి చదివి కాసేపు మీ ఉత్తరం పక్కన పెట్టేశానమ్మా. ఇంట్లో మీరొక్కరే. వినేవాళ్లెవరూ లేరు. అయినా ఏడవడానికి చప్పుడు చాటు కావాల్సి వచ్చింది. అంటే ఆ బృందాన్ని ఇంటిదాకా తెచ్చుకున్నారన్నమాట.

రెండిట్లో ఏదీ మానక్కర్లేదు. ముందు ఒకటి చెప్పనివ్వండి. ‘దుఃఖించకూడదు’ అనేవాళ్లంతా భగవద్గీతను రెండో అధ్యాయం నుంచి మొదలుపెడతారు. మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అందులో అర్జునుడు తన ఒంటి సంగతి చెప్పుకుంటాడు: నోరెండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం చేజారుతోంది, నిలబడలేకపోతున్నాను, మనసు గిర్రున తిరుగుతోంది అని. ఇవాళ డాక్టరుతో ఇవే చెబితే టెన్షన్ లక్షణాలని రాసుకుంటాడు. ఆ అధ్యాయంలో 47 శ్లోకాలుంటే కృష్ణుడు మాట్లాడింది ఒక్క మాట. పార్థా, ఇక్కడ చేరిన ఈ కౌరవులను చూడు అని. అంతే. మిగతాదంతా విన్నాడు. తర్వాత రెండు శ్లోకాల్లో గట్టిగానే మందలించాడనుకోండి, అది నేను దాచను. బోధ మాత్రం, ‘దుఃఖించకూడని వాళ్ల కోసం దుఃఖిస్తున్నావు’ అనే రెండో అధ్యాయం 11వ శ్లోకం దాకా మొదలుకాదు. మీ బృందంవాళ్లు ఆ 11వ శ్లోకాన్ని గుమ్మంలోనే మీ చేతిలో పెడుతున్నారు.

జాన్ వెల్‌వుడ్ అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒకాయన ఉండేవారు. స్వయంగా బౌద్ధ ధ్యానం చేసిన మనిషి. తోటి సాధకుల్లో ఇదే చూసి 1984లో దానికి ‘స్పిరిచువల్ బైపాసింగ్’ అని పేరు పెట్టారు. మనసులోని పాత గాయాలను, కోపాన్ని, దుఃఖాన్ని ముట్టుకోకుండా ఆధ్యాత్మికత అడ్డుపెట్టుకుని పక్కనుంచి దాటిపోవడం. బైపాస్ రోడ్డు మనకు తెలిసిందే. ట్రాఫిక్ ఉండదు, బండి జోరుగా పోతుంది. కానీ మీ ఇల్లు ఊళ్లో ఉందాయె.

వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు అంతగా లేదు. ఇరవై తొమ్మిదేళ్లు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పిన నేనే అంతకన్నా ఘోరంగా చేశాను. మా అపార్ట్‌మెంట్ కింద ప్రతి శుక్రవారం సాయంత్రం లలితా సహస్రనామ పారాయణం చేస్తాం. జంపఖానా పరుచుకుని తొమ్మిది పదిమందిమి కూర్చుంటాం. ఒకరోజు ఇంకో ఎనిమిది నామాలుంటే అయిపోతుందనగా, ‘అవ్యాజకరుణామూర్తిః’ దగ్గర ఒకావిడ గొంతు ఆగిపోయింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, “మా కోడలు ఇరవై రోజుల్నుంచి నాతో మాట్లాడట్లేదు” అంది. ఏ కారణమూ ఆశించని కరుణ అని ఆ నామానికి అర్థం. అది నోట్లో ఉండగానే మేమేం చేశాం? ఒకావిడ “అన్నీ అమ్మవారే చూసుకుంటుంది, పారాయణం ఆపకూడదు” అంది. ఇంకొకావిడ శుక్రవారాలు ఉపవాసం ఉండమంది. నేను కళ్లజోడు సవరించుకుని కమ్యూనికేషన్ గ్యాప్ గురించి అయిదు నిమిషాలు చెప్పాను. ఆవిడ తలూపి, ప్రసాదం తీసుకోకుండానే వెళ్లిపోయింది. మరుసటి శుక్రవారం రాలేదు.

మాలో ఒకావిడ ఉంది, నామాలు తప్ప పెద్దగా నోరు విప్పదు. ఆవిడ మాత్రం వాళ్లింటికి వెళ్లి గోరుచిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ గంటసేపు కూర్చుని వచ్చిందట. ఏం మాట్లాడావని అడిగితే “ఏమీ లేదు” అంది. మూడో శుక్రవారం ఇద్దరూ కలిసి వచ్చారు. పారాయణం అయ్యాక ఆ అత్తగారు మొత్తం చెప్పుకుంది, తన తప్పుతో సహా. ఈసారి ఎవరం మాట్లాడలేదు. పై అంతస్తులో ఎవరిదో కుక్కర్ మూడు కూతలు కూసింది, అవన్నీ వినపడ్డాయి. అప్పట్నుంచి పారాయణం తర్వాత ఒక అరగంట అలాగే కూర్చుంటున్నాం. అడగందే సలహా ఇవ్వకూడదని షరతు. దాన్ని ఎక్కువసార్లు తప్పేది నేనే.

స్కాట్ పెక్ అనే అమెరికా మనోవైద్యుడు మనుషులను కలిపి కూర్చోబెట్టి ఇదే గమనించాడు. ముందు అందరూ మర్యాదగా నవ్వుకుంటారు. అది నకిలీ సంఘం అంటాడాయన. తర్వాత ఒకరినొకరు బాగుచేసే గొడవ మొదలవుతుంది. సలహాలు, సిద్ధాంతాలు, నాకే తెలుసన్న పట్టుదల కింద పెట్టేసి ఖాళీ అయితే తప్ప అసలు సంఘం ఏర్పడదట. మీ బృందం ఇంకా నవ్వుల దగ్గరే ఉంది. అది పాపం కాదు. కానీ పద్నాలుగు నెలల దుఃఖాన్ని అక్కడ దించుకోలేరు.

అందుకని ధ్యానం మీకు హాయిగా ఉంటే మానకండి. బృందం మొత్తానికి చెప్పుకోవాలని మాత్రం చూడకండి. వాళ్లలో మీ కన్నీళ్లు చూసి కంగారుపడని మనిషి ఒక్కరైనా ఉంటారు. ఆవిడతో కలిసి ఇంటిదాకా నడవండి. ఇక కౌన్సెలర్. ఏడవడం జబ్బు కాదు. అయితే ఏడాది దాటినా తగ్గకుండా రోజువారీ బతుకును స్తంభింపజేసే దుఃఖాన్ని అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో విడి రుగ్మతగా గుర్తించింది. మీది అదో కాదో ఉత్తరం చూసి నేను చెప్పకూడదు. నిద్ర, తిండి దెబ్బతిన్నా, ‘నేనూ పోతే బాగుండు’ అనిపిస్తున్నా ఆలస్యం చేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. వెళ్లిన చోట ధ్యానం చేస్తానని కూడా చెప్పండి. మంచి కౌన్సెలరైతే దాన్ని మాన్పించరు. మీ వారి గురించి అడుగుతారు. పేరేమిటి, పప్పులో ఉప్పెక్కువైతే ఏమనేవారు, ఇలాంటివి. మీకు ఇప్పటిదాకా ఎవరూ అడగనివి అవేననుకుంటాను.

ప్రశ్న: మావారు తాగుడు మానేసి ఏడు నెలలు. రోజూ సాయంత్రం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగుకు వెళ్తారు. అది చర్చి వాళ్ల హాల్లో జరుగుతుంది. మతం మారుస్తారేమోనని మా అత్తగారికి భయం. అక్కడ డాక్టరు లేడు, గురువు లేడు, ఫీజు లేదు, కానీ దేవుడి మాటలుంటాయట. ఇది వైద్యమా, భక్తా?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అత్తగారికి ధైర్యం చెప్పండి. హాలు ఎవరిదైనా సంఘం ఏ మతానిదీ కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులతో మొదలైంది. ఒకరు షేర్ల వ్యాపారంలో ఉన్న బిల్ విల్సన్, రెండోవారు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. దాని మూలాల్లో ఒక మనోవైద్యుడూ ఉన్నారు. తన దగ్గరికొచ్చిన ఒక అమెరికన్‌తో కార్ల్ యుంగ్, వైద్యంతో ఇక లాభం లేదు, లోపలి నుంచి మనిషిని మార్చే ఆధ్యాత్మిక అనుభవం ఏదైనా కలిగితే తప్ప అని చెప్పేశారు. ఆ మాట చేతులు మారి బిల్ దాకా వచ్చింది. 1961లో బిల్ కృతజ్ఞతగా ఉత్తరం రాస్తే యుంగ్ జవాబిస్తూ, లాటిన్‌లో మద్యానికీ ఆత్మకూ ఒకటే మాట, ‘స్పిరిటస్’ అని గుర్తుచేశారు. మన ఆస్పత్రుల్లో దూదికి అద్దే స్పిరిట్ కూడా అదే మాట.

తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడనే చోట ‘మాకు అర్థమైన దేవుడు’ అని ఉంటుంది. మీవారికి అది సమ్మక్క సారలమ్మ కావచ్చు. అయిదో మెట్టు చూడండి. తన తప్పులు ఉన్నవి ఉన్నట్టు దేవుడి ముందు, తన ముందు, ఇంకో మనిషి ముందు ఒప్పుకోవాలి. దేవుడి ముందు ఒప్పుకోవడం తేలికే, గుళ్లో రోజూ చేస్తాం. ఆ ఇంకో మనిషి దగ్గరే అందరం జారుకుంటాం. అందుకే మీ ప్రశ్నకు ఇదీ అదీ అని తేల్చి చెప్పను. డాక్టరు ఏవైనా మందులిచ్చి ఉంటే మాత్రం అవి వేరే లెక్క, వేసుకోవాల్సిందే.

మరి మీ సంగతి? మీ ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క లేదు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం బిల్ భార్య లోయిస్ మరొకావిడతో కలిసి 1951లో అల్-అనాన్ మొదలుపెట్టింది. దగ్గర్లో మీటింగుందేమో మీవారినే కనుక్కోమనండి.

ప్రశ్న: వయసు 24, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిప్రెషన్‌కు ఆరు నెలలుగా మాత్రలు వాడుతున్నాను. పది రోజుల విపశ్యన ధ్యాన కోర్సుకు వెళ్దామనుకుంటున్నాను. మాత్రలు మానేసి వెళ్తేనే ఫలితమని స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: మానొద్దు బాబూ. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి, మాటల్లేవు, ఫోన్ లేదు. మామూలుగా ఉన్నవాళ్లకే మూడో రోజుకు ఎక్కడెక్కడివో పైకొస్తాయి. దరఖాస్తు ఫారంలో మానసిక ఆరోగ్యం గురించి, మందుల గురించి అడిగే గడి ఉంటుంది. అందులో నిజం రాయండి, దాచిపెట్టి వెళ్లడం మహా ప్రమాదం. వెళ్లొచ్చో లేదో, ఎప్పుడు వెళ్లొచ్చో మీ డాక్టరునే అడగండి. ఆయన ‘ఇప్పుడొద్దు’ అంటే ఇప్పుడొద్దు, కోర్సులు ఏడాది పొడవునా ఉంటాయి. ఇక మీ స్నేహితుణ్ని ఒకటి అడగండి: వాళ్ల నాన్నగారికి బీపీ ఉంటే, తిరుమల మెట్లెక్కే ముందు మాత్రలు మానేయమంటాడా?