ఎలుగుల అడవికి వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

వచ్చే వేసవిలో అలాస్కా వస్తున్నావనీ, ఉత్తరాన ఉన్న బ్రూక్స్ రేంజ్ కొండల్లో పది రోజులు నడుస్తావనీ అక్క ఫోన్లో చెప్పింది. ఆవిడ దిగులు ఎలుగుల గురించి. నీ మెసేజ్ చూస్తే నీ దిగులంతా ఏ తుపాకి కొనాలా అని. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది నీ వీసా.

నువ్వింకా హెచ్1బీ మీదే ఉన్నావు కదా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో నీకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది లేకుండా స్నేహితుడి తుపాకి కాసేపు మోసినా చిక్కే. ముందు లాయర్‌ని అడుగు, ఆ తర్వాతే షాపు.

సరే, లైసెన్స్ వచ్చిందనుకుందాం. నేను ఈ దేశపు అడవుల్లోకి దిగిన కొత్తలో 44 మాగ్నమ్ రివాల్వర్ కొని నడుముకి కట్టుకుని మహా ధీమాగా తిరిగేవాణ్ణి. ఒక సాల్మన్ చేపల వాగు పక్కన, ఆల్డర్ పొదల్లోంచి పెద్ద గోధుమ ఎలుగు నా మీదికి ఉరికింది. చెయ్యి తుపాకి మీదికే వెళ్లింది. కానీ బ్యాక్‌ప్యాక్ నడుం పట్టీ హోల్‌స్టర్ మీదకి, అంటే తుపాకి ఒర మీదకి, జారి ఉంది. వేళ్లు పట్టీ కింద దూర్చి గుంజుతూనే ఉన్నాను. అది నాకు నాలుగు బారల దూరంలో ఆగి, దవడలు టకటకలాడించి, బుస కొట్టి, పక్కకి తిరిగి వెళ్లిపోయింది. ఉత్తుత్తి బెదిరింపు కాబట్టి బతికాను. తుపాకి ఇంకా ఒరలోనే ఉంది.

లెక్క చూడు. గ్రిజ్లీ, అంటే ఈ గోధుమ ఎలుగే, గంటకి 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు, అంటే సెకనుకి 50 అడుగుల పైమాటే. వంద అడుగుల దూరంలో చూశావంటే నీ చేతిలో ఉన్నది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో తీసి, గురి చూసి పేల్చగలిగేదే నీ తుపాకి. మిగతావన్నీ మోత బరువు. అందుకే హోల్‌స్టర్ ఛాతీ మీద ఉండేది కొను, తుపాకి కొన్నంత శ్రద్ధగా కొను.

ఇక ఏది కొనాలంటావా? ఆపే శక్తి చూస్తే భుజానికి ఆనించి పేల్చేవే నయం. స్లగ్‌లు, అంటే ఒకే పెద్ద గుండు ఉండే తూటాలు, నింపిన 12 గేజ్ పంప్ షాట్‌గన్ ఇక్కడ చాలామంది మోస్తారు. చిన్న గుళ్ల తూటాలు మాత్రం వద్దు, అవి లోతుకి దిగవు. 45-70 అనే లావు తూటా పేల్చే లీవర్ రైఫిల్ కూడా బాగుంటుంది. కానీ గుడారం వేసేటప్పుడూ, నీళ్లు పట్టేటప్పుడూ దాన్ని చెట్టుకి ఆనించేస్తావు, ఎలుగు వచ్చేది అప్పుడే. ఒంటి మీదే ఉంటుంది కాబట్టి నీకు పిస్టలే మేలనిపిస్తోంది. 44 మాగ్నమ్ బలమైనదే, కానీ తేలిక రివాల్వర్‌లో పేలిస్తే చెయ్యి ఝల్లుమంటుంది, రెండో తూటాకి గురి కుదరదు. కాల్పులు సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి మూడుసార్లు వెళ్లొచ్చిన నీకు 10 ఎంఎం తూటాల గ్లాక్ 20 పిస్టల్ సరిపోతుంది, 15 తూటాలు పడతాయి. తూటా మాత్రం లోతుగా దిగేదై ఉండాలి. మనుషుల కోసం చేసిన, ముక్కు బోలుగా ఉండే హాలో పాయింట్ తూటాలు తలకాయ పువ్వులా విచ్చుకుని పైపైనే ఆగిపోతాయి. చదును ముక్కున్న గట్టి సీసపు తూటాలు వాడతారు ఇక్కడ. అయితే తమ తుపాకి బ్యారెల్ (గొట్టం)లో రాగి తొడుగు లేని సీసం వద్దని గ్లాక్ వాళ్లే అంటారు, కాబట్టి వేరే బ్యారెల్ వేయించు, లేదా గట్టి రాగి తూటాలు చూడు.

ఇంత చెప్పినా, నా ఎడమ భుజప్పట్టీకి వేలాడేది ఎలుగుల మీద కొట్టే మిరప ఘాటు డబ్బా, బేర్ స్ప్రేనే, ముందు చెయ్యి వెళ్లేది దానికే. అలాస్కాలో తుపాకులున్న 269 ఘటనలు పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వచ్చింది. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సార్లు పని చేశాయి. కానీ తుపాకి దగ్గరుండి పేల్చినవాళ్లకీ పేల్చనివాళ్లకీ గాయాల్లో తేడా కనపడలేదు. దానికి నాలుగేళ్ల ముందు స్ప్రే మీద వచ్చిన అధ్యయనంలో, అది గోధుమ ఎలుగుల్ని 92 శాతం సార్లు ఆపింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదనుకో, ఘటనలు వేరు. అయినా స్ప్రేకి తుపాకికి కావలసినంత గురి అక్కర్లేదు, మబ్బులా పరుచుకుంటుంది. పాతిక, ముప్పై అడుగులే వెళ్తుంది, ఎదురుగాలిలో నీ కళ్లలోకే వస్తుంది, అదీ దాని లోపం.

ఇంకొకటి. ప్రాణరక్షణకి ఎలుగుని చంపావో, దాని తోలు గోళ్లతో సహా ఒలిచి, పుర్రెతో కలిపి రాష్ట్ర ప్రభుత్వానికి అప్పజెప్పాలి, పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి. అంత పెద్ద జంతువుని తడి టండ్రాలో కూర్చుని ఒలవడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకో.

విమానంలో తుపాకి ఖాళీ చేసి, తాళమున్న గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి లగేజీలో వెయ్యాలి. స్ప్రేని లగేజీలో కూడా రానివ్వరు, ఇక్కడికొచ్చాకే కొనుక్కోవాలి. నిన్ను కొండల్లో దింపే చిన్న విమానం పైలట్‌కి స్ప్రే ఉందని ఎక్కకముందే చెప్పు.

రెండు రోజులు ముందే రా. మందు లేని సాధన స్ప్రే డబ్బాలు తెచ్చి పెట్టాను. బ్యాగ్ వీపుకి తగిలించుకుని మా పెరట్లో పది సార్లు తీసి కొట్టు, నేను కంచె దగ్గర నుంచి నీ మీదికి పరిగెత్తుకొస్తాను.

మీ మామయ్య